ఫెర్నుల ఇంట్లో ఆదివారాలు

నీలిబండ తోటకి ఆదివారం బస్సు పదకొండున్నరకి రావాలి. వస్తే దేవుడి దయ, రాకపోతే ఘాట్ రోడ్డు దయ. ఆ బస్సులోంచి అందరికన్నా ముందు దిగేది సన్యాసమ్మ. ఓ చేత నాలుగు గిన్నెల క్యారేజీ, ఓ చేత చీర కుచ్చెళ్ళు పట్టుకుని, వెనక దిగే ఆడవాళ్ళ మీద కేకలేస్తుంది.

"బేగి రండే! మీరిలా ఒయ్యారంగా దిగుతుంటే ఆళ్ళక్కడ ఆకలికి సస్తారు."

ఆ మాట అనేశాక నాలిక్కరుచుకుంది. కిందటి ఆదివారం తొమ్మండుగురు దిగారు. ఈ ఆదివారం ఎనిమిదిమందే దిగారు. రవణమ్మ మొగుడు పోలిరాజు పోయి అప్పటికి ఆరు రోజులు.

గేటు తాళం తీసి వాళ్ళకోసం నిలబడ్డ డాక్టర్ హైమావతి సన్యాసమ్మ కూతురే. ఒక్కతే కూతురు. తల్లి చేతిలో క్యారేజీ అందుకోబోతే సన్యాసమ్మ ఇవ్వలేదు. "నాకు సేతులు నేవేటి? నువ్వు ముందు తిన్నావా? మొహం సూడు, పీక్కుపోనాది" అంది.

గేటు నుంచి ఫెర్నుల ఇంటికి రెండు వందల మెట్లు. ఇంటి కథ అక్కడ అందరూ చెప్పేదే. నూట ముప్ఫై ఏళ్ళ కిందట ఓ దొరసానికి విశాఖపట్నం ఎండ పడక కొండెక్కిందట. ఆవిడ సరదా కోసం ఆస్ట్రేలియా నుంచి ఓడ మీద చెట్ల మొండేలు తెప్పించారట. వేరూ లేదు, ఆకూ లేదు, ఉత్త దుంగలు. తడినేలలో పాతితే తలలోంచి చిగురేశాయి. నమ్మకపోతే మానెయ్యండి, ఫెర్ను చెట్లంటే అంతే, పట్టుదల గల జాతి. చుట్టుకున్న చిగురు ఏనుగు తొండంలా ఉంటుందని కొండమీదవాళ్ళు వాటిని తొండం చెట్లంటారు. కొండని సగం తొలిచి, పైన అద్దాల కప్పు వేసి, గుమ్మం పక్కన రాతి తొట్టి కట్టి, తొట్టిలోంచి చెట్ల మొదళ్ళ వెంబడి చిన్న కాలువ తీసి ఆ ఇల్లు కట్టారు. మొన్నమొన్నటి దాకా కొత్తగా పెళ్ళయిన జంటలు టిక్కెట్టు కొనుక్కుని వచ్చి, ఆ చెట్ల కింద ఫొటోలు దిగి పోయేవారు.

ఇప్పుడు ఆ చెట్ల కింద మంచాలున్నాయి. ఒక్కో చెట్టు కింద ఒక్కో మనిషి.

అందరూ విజయనగరం అవతల ఒకే పలుగురాతి క్వారీలో పనిచేసినవాళ్ళు. రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుని, లోపల గట్టిపడి, గాలి తీసుకోలేక, నలభై ఏళ్ళకే ముసలివాళ్ళయి, ఏ ఆసుపత్రీ చేర్చుకోనన్నవాళ్ళు. హైమావతి తండ్రి సింహాద్రి అందులో ఒకడు. పాతికేళ్ళు డ్రిల్లు మిషను పట్టుకుని కూతుర్ని మొక్కల చదువు చదివించాడు. ఆ చదువుతో ఆమె తండ్రిని డాక్టర్లు ఇచ్చిన గడువు దాటించి బతికించింది. ఇంకా బతికించాలి. లోకంలో ఆమెకున్న పని అదొక్కటే.

"ఊదు అయ్యా" అంది, చల్లటి గాజుబిళ్ళ తండ్రి నోటి ముందు పెట్టి.

సింహాద్రి ఊదాడు. గాజు మీద ఆవిరితో పాటు పచ్చటి నలకలు రెండు మూడు పడ్డాయి. హైమావతి దాన్ని వెలుతురుకి పెట్టి చూసి ఊపిరి పీల్చుకుంది. పొర బావుంది.

ఫెర్ను పువ్వు పుయ్యదు, విత్తనం వెయ్యదు. ఆకు వెనక గోధుమరంగు పొడి రాలుస్తుంది. ఆ పొడి తడిలో పడితే చెట్టు కాదు, ముందు గోరంత పచ్చటి పొర అవుతుంది, ఉల్లిపొర కన్నా పల్చన. ఆ పొరకి హైమావతి తిండి మార్చింది. వెలుతురు తిని బతికేదాన్ని చీకట్లో మనిషి రక్తంలో చక్కెర తిని బతికేట్టు చేసింది. దాన్ని తుంపరలో కలిపి ఈ మనుషుల చేత పీల్పించింది. గట్టిపడ్డ చోటల్లా పొర పరుచుకుని, రాయి అడ్డుపెట్టిన గాలిని లోపలికి దాటించడం మొదలుపెట్టింది. మొదటివారంలోనే పోలిరాజు లేచి మెట్లెక్కితే అందరూ ఏడ్చారు.

అయితే ఊరికే ఏదీ రాదు. ఆ పొరకి ఎప్పుడూ తడిగాలి కావాలి. వానాకాలంలో మనుషులు తోటంతా తిరగొచ్చు. ఎండలు ముదిరాక ఇల్లు దాటి అరగంట కన్నా ఎక్కువ ఉంటే లోపల పొర ఎండి ముడుచుకుపోతుంది. రెండోది ఇంకా చిత్రం. ఏ చెట్టు పొడితో పొర పెరిగిందో రాత్రిళ్ళు ఆ చెట్టు కిందే పడుకోవాలి. చెట్టు గాలిలోకి ఏదో వదులుతుంది, దాన్ని పట్టుకుని పొర బతుకుతుంది. పక్కలో తల్లి ఉంటేనే నిద్రపోయే పిల్ల లాంటిది. తల్లికి జబ్బు చేస్తే పిల్లకీ చేస్తుంది. పోలిరాజు చెట్టు ఆకుల అంచులు ముందు మాడాయి. పది రోజులకి పోలిరాజు పోయాడు.

"ఏటే, ఇయ్యాల ఏటి తెచ్చినావు?" అన్నాడు సింహాద్రి పెళ్ళాంతో.

"పెండలం కూర, మెంతి మజ్జిగ. పులుపు పెట్టొద్దన్నాది నీ కూతురు."

"నా కూతురేటి, అది నీ కూతురు. నా కూతురైతే ఎండుసేప పెట్టనిచ్చును."

"నోరు మూసుకుని తిను. పాతికేళ్ళు రాయి తిన్నావు, ఇంకా రుసులు కావాలి."

సింహాద్రి నవ్వాడు. నవ్వితే దగ్గు రాలేదు. దగ్గు రాకుండా తండ్రి నవ్వడం హైమావతికి ఎన్నిసార్లు చూసినా తనివితీరదు.

వెళ్ళేముందు ఆడవాళ్ళు ఎప్పటిలాగే తమ తమ మొగుళ్ళకి గుప్పెడేసి రాళ్ళ ఉప్పుతో దిష్టి తీశారు. ఊరి కళ్ళు, వాడ కళ్ళు, క్వారీ మేస్త్రి కళ్ళు అని మూడుసార్లు తిప్పి, ఆ ఉప్పు గుమ్మం పక్క తొట్టిలో కరగబోసి, వెనక్కి చూడకుండా మెట్లు దిగారు. పోయినవాణ్ణి తలుచుకుని ఆ రోజు గుప్పెళ్ళు ఇంకాస్త నిండుగానే పట్టారు.

తోటమాలి బొంజుబాబు హైమావతి చెయ్యి తట్టి రెండో చెట్టు చూపించాడు. అది అప్పన్న చెట్టు. గొడుగులా విచ్చుకునే ఆకుల అంచులు అగ్గిపుల్ల తాకించినట్టు గోధుమరంగుకి తిరిగాయి.

ఈసారి పది రోజులు కూడా పట్టలేదు, అప్పన్న బుధవారం పోయాడు.

హైమావతి ఏం చెయ్యలేదని కాదు. బూజు కోసం వెతికింది, పురుగు కోసం వెతికింది, ఆకు ముక్కలు మూడు ఊళ్ళకి పంపింది. తిండి మానేసి మైక్రోస్కోపు ముందే కూచుంది. చదువుకున్నవాళ్ళతో ఇదే తంటా. కంటికి కనపడనిదాని కోసం కళ్ళు కాయలు కాచేలా వెతుకుతారు, ఎదురుగా ఉన్నది మాత్రం కనపడదు.

అప్పన్నని కిందికి పంపేసి వచ్చాక గురువారం మధ్యాహ్నం ఆమెకి ఒక సంగతి తట్టింది. చావు వరసలో వస్తోంది. కాలువ తొట్టిలోంచి బయల్దేరి ముందు పోలిరాజు చెట్టు తాకుతుంది, తరవాత అప్పన్న చెట్టు. మూడోది అప్పలస్వామి చెట్టు. పరిగెత్తి చూస్తే దాని అంచుల్లో అప్పుడే రంగు మారుతోంది. నాలుగోది తండ్రిది.

కాలువ నీటి బొట్టు ఒకటి గాజుబిళ్ళ మీద వేసి మైక్రోస్కోపు కింద పెట్టింది. ఏ క్రిమీ కనపడలేదు. విసుగుపుట్టి లేచి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చేసరికి దీపం వేడికి బొట్టు ఆరిపోయింది. మళ్ళీ కన్ను పెట్టింది. గాజు మీద చదరాలు చదరాలుగా, పెట్టెలు పేర్చినట్టు, మెరుస్తూ గళ్ళు.

వేలితో తీసి నాలిక మీద పెట్టుకుంది.

ఉప్పు.

అక్కడే స్టూలు మీద కూచుంది. కిందటి వానాకాలం గుర్తొచ్చింది. ఆడవాళ్ళు మొదటిసారి చూడ్డానికి వచ్చిన రోజు, పోలిరాజు భార్య రవణమ్మ ఎండుమిరపకాయలు, కర్పూరం తీసి దిష్టి కాల్చబోయింది. హైమావతి అగ్గిమీద గుగ్గిలమైంది. పొగ పడితే మనిషి దక్కడు, ఇక్కడ నిప్పు మాటెత్తొద్దు అని అరిచింది. అందరూ మెట్లు దిగిపోయాక సన్యాసమ్మ ఒక్కతే ఆగి అడిగింది, "మరి దిష్టెలా తియ్యాలమ్మీ? సచ్చిపోతారనుకున్న మగోళ్ళు లేచి తిరుగుతుంటే జనం కళ్ళు ఊరుకుంటాయేటి?" హైమావతి కాగితాల్లోంచి తలెత్తకుండానే జవాబు చెప్పింది.

"ఉప్పుతో తియ్యండి. తీసి నీళ్ళలో కలిపెయ్యండి. ఉప్పుకి పొగ రాదుగా."

మొక్కల మీద డాక్టరేటు పుచ్చుకున్న మనిషి అన్న మాట ఇది! ఫెర్నుకి ఉప్పు విషమని మొదటి ఏడాది పిల్లలకి కూడా తెలుసు. వానాకాలంలో ఊటనీరు తొట్టి పొంగి లోయలోకి పోయేది కాబట్టి ఏమీ కాలేదు. పుష్యమాసంలో ఊట సన్నబడింది. నీళ్ళు వృథా కాకుండా కాలువ చివర మోటారు పెట్టి మళ్ళీ తొట్టిలోకి తోడించింది కూడా ఈమే. అప్పట్నుంచి పడ్డ ప్రతి గుప్పెడూ అక్కడే తిరుగుతోంది, ఆదివారం ఆదివారానికీ చిక్కబడుతూ.

బొంజుబాబు అంతా విన్నాడు. తరవాత అన్నాడు, "తొట్టి కడిగీసి కింద నుంచి ట్యాంకరు నీళ్ళు తెప్పిద్దాం మేడమ్. మన్ను పైపొర తీసీసి కొత్తమన్ను ఏద్దాం. మూడు నాలుగు వారాలకి తేరుకుంటాయి. ఆడోళ్ళకి మాత్రం సెప్పీండి. ఎయ్యొద్దంటే ఎయ్యరు కదా, ఆళ్ళేం సిన్నపిల్లలా?"

"ఏమని చెప్పను? మీ చేత్తో మీరే చంపుకున్నారని రవణమ్మకి చెప్పనా? మా అమ్మకి చెప్పనా?"

"ఎవులూ కావాలని సెయ్యనేదు కదా."

"అమ్మ తట్టుకోలేదు. చచ్చిపోతుంది." ఆమె లేచి నిలబడింది. "నువ్వు ఎవరి ముందూ నోరు విప్పకు. నా మీద ఒట్టు."

ఒట్టు పెట్టాక బొంజుబాబు లాంటివాడు ఇంకేం మాట్లాడతాడు? తల దించుకుని పార అందుకున్నాడు.

ఉప్పు వద్దని ఊరికే చెబితే చాలదా అంటే, చాలదని హైమావతి లెక్క. రెండు చావుల తరవాత హఠాత్తుగా ఉప్పు వద్దంటే ఎందుకో గ్రహించలేనంత అమాయకులు కారు వాళ్ళు. అసలు రాకుండా చేస్తే ఆ ప్రశ్నే రాదు. అమ్మ కోసమే ఇదంతా అని తనకి తాను చెప్పుకుంది. ఉప్పు కలపమన్న నోరు తనదేనని ఎవరైనా అంటారన్న భయం అందులో ఎంతుందో తీసి చూసుకునే ధైర్యం ఆమెకి లేకపోయింది.

ఆ తరవాతి ఆదివారం గేటు తాళం తియ్యలేదు. ఊచల అవతల ఏడుగురు ఆడవాళ్ళు నిలబడితే, ఇవతల నిలబడి అబద్ధం చెప్పింది.

"బయటినుంచి ఏదో క్రిమి వస్తోంది. మనుషులతో వస్తోంది. మన బట్టలతో, గిన్నెలతో కూడా వస్తుంది. కొన్నాళ్ళు ఎవరూ లోపలికి రాకూడదు."

"మరి క్యారేజీ?" అంది సన్యాసమ్మ.

"వద్దమ్మా."

"ఆయనకి గాభరా పుడతాదే. దూరం నుంచి సూసి ఎల్లిపోతాను, గుమ్మం తొక్కను."

"వద్దన్నానా!"

గొంతు తను అనుకున్న దానికన్నా గట్టిగా వచ్చింది. సన్యాసమ్మ కూతురి మొహంలోకి కాసేపు చూసింది. మిగతా ఆడవాళ్ళతో కలిసి గేటు పక్క గట్టు మీద కూచుంది. మూడు గంటల బస్సు వచ్చేదాకా వాళ్ళెవరూ అక్కణ్ణుంచి కదల్లేదు. వాళ్ళ పక్కనే బొంజుబాబు తొట్టిలోంచి, చెట్ల మొదళ్ళలోంచి తీసిన మట్టి కుప్పపోసి ఉంది. నాలుగు మేకలు ఎక్కణ్ణుంచో వచ్చి ఆ మట్టిని నాకుతున్నాయి. హైమావతి అప్పటికే మెట్లెక్కి వెళ్ళిపోయింది.

ఫెర్నుల ఇంటి కిందివైపు అద్దంలోంచి చూస్తే గేటు, బస్సు ఆగే చోటు కనిపిస్తాయి. మాట వినపడదు. మగవాళ్ళు ఒకరి తరవాత ఒకరు వచ్చి ఆ అద్దానికి మొహం ఆనించి నిలబడ్డారు. ఫోన్లా, ఆ తడికి వారం రోజులు కూడా ఆగవు. తోటకంతా ఉన్న ఒక్క ఫోనూ గేటు దగ్గర టిక్కెట్ల గదిలో ఉంది.

"ఏటమ్మా, ఆళ్ళనెందుకు ఆపీసినావు?" అని సింహాద్రి అడిగాడు.

క్రిమి మాటే అతనికీ చెప్పింది. అతను విన్నాడు. ఆ రోజు కూతురు పెట్టిన జావ సగం వదిలేశాడు.

రెండో ఆదివారం రావద్దన్నా వచ్చారు. సన్యాసమ్మ ఊచల సందులోంచి మడతపెట్టిన చీటీ అందించింది. "మా ఈదిలో సదువుకున్న పిల్ల సేత రాయించినాను. మీ అయ్యకియ్యి. నువ్వు సూడకు."

"కాగితం కూడా లోపలికి రాకూడదమ్మా."

ఒక అబద్ధం చెబితే అది పిల్లల్ని పెడుతుంది. సన్యాసమ్మ చీటీ వెనక్కి తీసుకుని కొంగున ముడేసుకుంది. కూతుర్ని ఏదో అడగబోయి ఆగింది. చెప్పబోయి ఆగిందేమో కూడా, హైమావతి అంతసేపు అక్కడ నిలబడితేగా!

ఇంట్లో మాత్రం పని జరుగుతోంది. ట్యాంకర్లు వస్తున్నాయి, పోతున్నాయి. ప్రతి పొద్దున్నా నీటి బొట్టు ఆరబెట్టి చూస్తే గళ్ళు తగ్గుతూ వచ్చాయి. అప్పలస్వామి చెట్టు మాడటం ఆగింది. తండ్రి చెట్టుకి ఒక్క అంచు కూడా రంగు మారలేదు. హైమావతికి చాలా రోజుల తరవాత ఆకలేసింది. మగవాళ్ళు మాటలు తగ్గించేశారని, పేకముక్కలు ముట్టడం లేదని, తను లోపలికి రాగానే మాట ఆపేస్తున్నారని చూడకపోలేదు. ఇంకొక్క వారం, తరవాత గేటు తెరిచేస్తాను, అన్నీ సర్దుకుంటాయి అనుకుంది.

మూడో ఆదివారం ఫాల్గుణమాసపు ఎండ. కొండ మీద కూడా గాలి పొడిగా, గరగరలాడుతూ ఉంది. హైమావతి బొట్టు ఆరబెట్టి చూసింది. గాజు మీద ఒక్క గడి లేదు. ఇంకోసారి చూసింది, లేదు. బొంజుబాబుని పిలిచి చూపిద్దామని తల తిప్పేసరికి అతనే పరిగెత్తుకొచ్చాడు.

"మేడమ్! మీ అయ్య మంచం మీద నేరు!"

అద్దం దగ్గరికి ఉరికింది. కింద గేటు దగ్గర, ఊచలకి ఇవతల నేల మీద, సింహాద్రి కూచుని ఉన్నాడు. అవతల సన్యాసమ్మ.

ఎంతసేపయింది దిగి? ఎవరికీ తెలియదు, ఎవరికీ చెప్పి దిగలేదు. మెట్లు దిగడం తేలికే, దిగి ఉంటాడు. పది నిమిషాలు పోను, పది కూచోను, పది రాను అని లెక్కేసుకుని ఉంటాడు, అరగంటకి సరిపోతుందని. ఎక్కడం సంగతి లెక్కలో తప్పింది. హైమావతి మెట్లు దిగలేదు, పడింది. వెనక బొంజుబాబు మందు కొట్టే పంపులో నీళ్ళు నింపుకుని వీపున వేసుకుని వస్తున్నాడు.

సన్యాసమ్మ రెండు చేతులూ ఊచల్లోంచి దూర్చి మొగుడి తల పట్టుకుని ఉంది. "ఎల్లు, ఎల్లు అంటే వినడే! ఓలమ్మో, ఎక్కనేకపోతున్నాడు, సూడమ్మా!"

సింహాద్రి పెదాలు నీలంగా ఉన్నాయి. ఛాతీ ఎగురుతోంది కానీ గాలి పోవడం లేదు. బొంజుబాబు మొహం మీద తుంపర కొట్టాడు. హైమావతి తండ్రి చంకల కింద చేతులు వేసి లేపబోయింది. అతను వద్దన్నట్టు ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"మూడు వారాలు మీ అమ్మని ఎండలో నిలబెట్టీసినావు" అన్నాడు, మాటకి మాటకి మధ్య ఆగుతూ. "తప్పు కదమ్మా."

అంతే. ఇంకో మాట రాలేదు. బొంజుబాబు పంపు కొడుతూనే ఉన్నాడు, సింహాద్రి చొక్కా అంతా తడిసి నీళ్ళు కారుతున్నా కొడుతూనే ఉన్నాడు. హైమావతి అతని చెయ్యి పట్టి ఆపింది.

తాళం తీసింది. సన్యాసమ్మ లోపలికి వచ్చి మొగుడి తల ఒళ్ళో పెట్టుకుంది. గట్టిగా ఏడవలేదు. మిగతా ఆరుగురు ఆడవాళ్ళు గేటు బయటే ఉండిపోయారు, తెరిచి ఉన్నా ఒక్కరూ గీత దాటలేదు. అది చూసి హైమావతికి ఏదో అనుమానం తగిలింది.

"రండి" అంది వాళ్ళతో.

"మేం రాంలే" అంది అప్పలస్వామి భార్య. "మా కాళ్ళకి ఏటి అంటుకుని ఉందో."

"అమ్మా, క్రిమి ఏదీ లేదు. నేను..."

"నాకు తెలుసు" అంది సన్యాసమ్మ. మొగుడి నుదుటి మీద తడి కొంగుతో తుడుస్తోంది. "మొదటి ఆదివారమే తెలిసిపోనాది. మేకలు మన్ను నాకుతుంటే ఏ ఆడదానికి తెలీదు? నోట్లో ఏసుకు సూసినాను. ఉప్పు. ఈళ్ళందరికీ అక్కడే సెప్పినాను. ఏడ్సినారు, నన్ను కొట్టినంత పని సేసినారు. మర్నాడు పోలిరాజు పెళ్ళాం కాడికి ఎల్లినాను, అప్పన్న పెళ్ళాం కాడికి ఎల్లినాను. తిట్టినారు. తిట్టించుకున్నాను. ఉప్పు కలపమన్నది నా కూతురని మాత్రం సెప్పనేదు, నాకే తోసిందన్నాను."

హైమావతి వంగి తండ్రి తడి చొక్కా సర్దింది.

"నువ్వు సెప్పకపోతే, మేం బాధపడతామని సెప్పట్లేదనుకున్నాం. పోనీలే, సదువుకున్న పిల్ల, దాని మనసెందుకు నొప్పించాలి అని మేమూ ఊరుకున్నాం. ఆయనకొక్కడికి తెలియాలని సీటీ రాయించినాను. కోపగించుకో గానీ కదలకు, నానే తప్పు సేసినాను, సెట్టు బాగయ్యేదాకా అక్కడే పడుండు అని రాయించినాను. నువ్వు తీసుకోనేదు." సన్యాసమ్మ కూతురి వైపు మొదటిసారి తలెత్తి చూసింది. "ఇప్పుడు సెప్పినాను ఊచల్లోంచి. నవ్వినాడు. ఇంతేనా, దీనికా ఇంత గొడవ అన్నాడు. క్రిమి మాట నాకు నమ్మకం కుదరనేదు, నానేదో తప్పు సేసినాను, అందుకే పిల్ల మిమ్మల్ని రానీయట్లేదనుకున్నాను, ముందే తెలిస్తే ఎందుకు దిగుదును అన్నాడు. నువ్వు నాకు ఒక్క మాట సెప్పుంటే, నాను ఆయనకి సెప్పుకుందును కదమ్మీ."

హైమావతి తల్లి కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చింది. ఎంతసేపని ఏడ్చేది? అప్పలస్వామి భార్య పెట్టిన కేక కొండ మారుమోగింది.

మెట్ల మీద మగవాళ్ళు దిగి వస్తున్నారు. ఆరుగురూ. సింహాద్రి ఒక్కడే వెళ్ళి పెళ్ళాం దగ్గర కూచోవడం అద్దంలోంచి చూశారు. తాళం తియ్యడమూ చూశారు. పడిపోయింది కనపడలేదో, కనపడినా ఆగలేకపోయారో. ముందు అప్పలస్వామి, వెనక మిగతావాళ్ళు, ఒకరి భుజం ఒకరు పట్టుకుని, పొడిగాలికి కళ్ళు చికిలించుకుంటూ, సగం మెట్లు దాటేశారు.

"ఎనక్కి ఎల్లండి! ఎల్లండి!" అని ఆడవాళ్ళు చేతులూపుతూ అరిచారు. అరుపులు విని వాళ్ళు ఇంకా తొందరగా దిగారు.

సన్యాసమ్మ కూతురి భుజం పట్టి లేపింది. "ఏడుపు తరవాత. ఎల్లి ఆళ్ళకి సెప్పు. ఉన్నదున్నట్టు సెప్పు."

హైమావతి పరిగెత్తింది. వాళ్ళకి అడ్డం నిలబడి, లోపలికి వెళ్ళండి, ప్రాణం మీదికి వస్తుంది అంది. అప్పలస్వామి ఆమెని పక్కకి తప్పించి ఇంకో మెట్టు దిగాడు.

"నీ మాట మూడు వారాలు విన్నాం. సాలు."

అప్పుడు చెప్పింది. ఉప్పు సంగతి చెప్పింది, కలపమన్నది తనేనని చెప్పింది, తొట్టిలో మోటారు పెట్టింది తనేనని, క్రిమి లేదని, గేటు మూసింది అబద్ధంతోనని, తన తండ్రి కింద చచ్చిపోయి ఉన్నాడని, ఏదీ దాచకుండా, ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది. ఆరుగురూ ఆగి విన్నారు. బొంజుబాబు ఒకరి మొహం మీద నుంచి ఇంకొకరి మొహం మీదికి తుంపర తిప్పుతున్నాడు. ఉన్నది ఒక్కటే పంపు.

అప్పలస్వామి కింద నిలబడ్డ భార్య వైపు చూశాడు. "మా ఇంటిదానికి ఇదంతా తెలుసా?"

"తెలుసు. మొదటి ఆదివారం నుంచీ."

"తెలిసీ వచ్చి ఎండలో నిలబడుతున్నాదా?"

"అవును."

అతను చెయ్యెత్తి, ఉండు, ఉండు, వస్తాను అన్నట్టు భార్యకి ఊపి, వెనక్కి తిరిగి మెట్లెక్కడం మొదలుపెట్టాడు. మిగతావాళ్ళూ తిరిగారు. హైమావతి ఒకరి నడుము చుట్టూ చెయ్యి వేసి లాగింది, బొంజుబాబు ఇంకొకరిని వీపున ఎక్కించుకున్నాడు. కింద ఆడవాళ్ళు ఇక గీతా గాతా చూడకుండా కొంగులు బిగించి పైకి పరిగెత్తుకొస్తున్నారు.

వందకి పైగా మెట్లు ఎక్కాలి. తిరిగినవాళ్ళు ఆరుగురు. తలుపు దాకా చేరినవాళ్ళు నలుగురు.